పక్క పడవ ఏం చేస్తోంది: ఉమ్మడి సముద్ర సంపద, మనిషి సహకార స్వభావం

ఏ దేశానికీ చెందని నడిసముద్రంలోని జీవరాశిని కాపాడేందుకు ఉద్దేశించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. అంతకు నాలుగు నెలల ముందు, 2025 సెప్టెంబరు 15న, చేపల వేటకు ప్రభుత్వాలు ఇచ్చే కొన్ని రకాల హానికర సబ్సిడీలను నిషేధించే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇలాంటి ఒప్పందాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు వాదాలు ఎదురవుతాయి. మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడు కాబట్టి కాగితం మీది రాతలతో సముద్రం బాగుపడదన్నది ఒకటి. మనిషి సంఘజీవి కాబట్టి నచ్చజెబితే తానే తగ్గుతాడన్నది రెండోది. గత యాభై, అరవై ఏళ్లలో జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మానవశాస్త్రం కలిసి పోగుచేసిన ఆధారాలను చూస్తే రెండూ సగం సగం నిజాలే. చాలామంది మనుషులు ఎదుటివారు తగ్గుతున్నారని కళ్లకు కనిపిస్తే తామూ తగ్గుతారు, కనిపించకపోతే తగ్గరు. నేల మీద పొరుగువాడు చేసేది చూడటం తేలిక. నీటి మీద, నీటి కింద అది ఎంత కష్టమో అర్థమైతే తప్ప సముద్ర వనరుల గొడవ అర్థం కాదు.

సముద్రంలోని చేప ఏ రకం ఆస్తి?

ఉమ్మడి వనరు అని అర్థశాస్త్రంలో పిలిచేదానికి రెండు లక్షణాలు ఉండాలి. దాన్ని వాడుకోకుండా ఇతరులను ఆపడం కష్టం కావాలి. ఒకరు వాడుకుంటే ఆ మేరకు మరొకరికి తగ్గిపోవాలి. సూర్యకాంతికి మొదటి లక్షణం ఉంది, రెండోది లేదు. ఇంట్లోని బియ్యానికి రెండోది ఉంది, మొదటిది లేదు. సముద్రంలో ఈదే చేపకు రెండూ ఉన్నాయి. వలలో పడేదాకా అది ఎవరిదీ కాదు, పడిన క్షణం నుంచి ఒక్కడిదే.

చిక్కు ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక అఖాతంలో పది పడవలు వేటాడుతున్నాయని, ఈ ఏడాది నీటిలో వదిలేసిన ఒక టన్ను పిల్ల చేపలు వచ్చే ఏడాదికి ఎదిగి రెండు టన్నులు అవుతాయని అనుకుందాం. పది పడవలూ తలా ఒక టన్ను వదిలేస్తే పది టన్నులు ఇరవై అవుతాయి, ఒక్కొక్క పడవకు రెండు టన్నులు దక్కుతాయి. ఒక్క పడవే వదిలేసిందనుకుంటే, పెరిగిన ఆ రెండు టన్నులను పది పడవలూ పంచుకుంటాయి. వదిలిన పడవకు దక్కేది 200 కిలోలు. వెయ్యి కిలోలు వదులుకుని 200 కిలోలు పొందడం ఎవరికైనా నష్టమే. అందరూ కలిసి చేస్తే రెట్టింపు లాభం తెచ్చే పని, ఒక్కడు చేస్తే ఐదింట నాలుగు వంతుల నష్టం తెస్తుంది. ఇక్కడ మత్స్యకారుడి అత్యాశ ఊసే లేదని గమనించాలి. ఎంత మంచివాడికైనా లెక్క ఇలాగే తేలుతుంది. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అన్న మన సామెత ఈ లెక్కనే చెబుతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అంచనాల ప్రకారం 1974లో ప్రపంచ సముద్ర మత్స్య నిల్వల్లో సుమారు పదో వంతు మాత్రమే మితిమీరిన వేటకు గురయ్యేవి. ఇప్పుడు ఆ వాటా మూడో వంతును దాటింది.

హార్డిన్ చెప్పింది, వదిలేసింది

కెనడా ఆర్థికవేత్త హెచ్. స్కాట్ గోర్డన్ 1954లోనే చేపల వేటను ఉదాహరణగా తీసుకుని ఈ సమస్యను సూత్రీకరించారు. అయితే లోకానికి అది తెలిసింది 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాసిన ‘ఉమ్మడి ఆస్తుల విషాదం’ అన్న వ్యాసంతో. ఉమ్మడి పచ్చికబయలులో ప్రతి కాపరీ ఇంకొక పశువును చేర్చుకుంటూ పోతే చివరికి బయలే నాశనమవుతుందని ఆయన వర్ణించారు. దీనికి మందు ప్రభుత్వ నియంత్రణో, ప్రైవేటు ఆస్తి హక్కో తప్ప మూడోది లేదన్న అభిప్రాయం ఆ వ్యాసంతో బలపడింది.

ఎలినార్ ఆస్ట్రోమ్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించారు. ఎవరైనా వచ్చి ఎంతైనా తీసుకోగల చోటు వేరు, ఒక సమూహం కట్టుబాట్లతో నిర్వహించుకునే ఉమ్మడి ఆస్తి వేరు. హార్డిన్ వర్ణించింది మొదటిదాన్ని, పేరు పెట్టింది రెండోదానికి. శతాబ్దాలుగా నిలిచిన పచ్చికబయళ్లు, సాగునీటి వ్యవస్థలు, అడవులు, చేపల వేట ప్రాంతాల వివరాలను సేకరించి, మూడో దారి ఉందని ఆమె నిరూపించారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. ఆ పేరులోని ‘ఉమ్మడి ఆస్తుల’కు ముందు ‘నిర్వహణ లేని’ అనే విశేషణాన్ని చేర్చకపోవడం తన వ్యాసంలో అతి పెద్ద పొరపాటని హార్డిన్ తరువాతి కాలంలో స్వయంగా ఒప్పుకున్నారు. అయితే ఆస్ట్రోమ్ అధ్యయనం చేసిన ఉదాహరణల్లో విఫలమైనవీ ఉన్నాయన్న సంగతిని ఆమె అభిమానులు తరచూ మరచిపోతారు. సమూహాలు నెగ్గగలవని ఆమె చెప్పారే కానీ, తప్పకుండా నెగ్గుతాయని ఎక్కడా అనలేదు.

సహకారం మనిషిలోకి ఎలా వచ్చింది?

ప్రకృతి వరణం స్వార్థాన్నే పోషిస్తుందంటే, ఇతరుల కోసం వదులుకునే గుణం ఎలా మిగిలింది? దీనికి తొలి గట్టి సమాధానం 1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ ఇచ్చారు. తోబుట్టువుల్లో సగం జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి, తోబుట్టువుకు కలిగే మేలు తన నష్టానికి రెండింతలు దాటితే ఆ త్యాగాన్ని ప్రేరేపించే జన్యువు వ్యాపించగలదు. 1971లో రాబర్ట్ ట్రివర్స్ రెండో సమాధానం చేర్చారు: బంధుత్వం లేకున్నా, ఈ రోజు నేను నీకు, రేపు నువ్వు నాకు అన్న ఇచ్చిపుచ్చుకోవడం మళ్లీ మళ్లీ కలిసేవారి మధ్య నిలబడుతుంది. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ పోటీలు పెట్టి దీన్ని పరీక్షించినప్పుడు, మొదట సహకరించి ఆపై ఎదుటివాడు చేసిందే తానూ చేసే ‘చెల్లుకు చెల్లు’ వ్యూహం గెలిచింది.

సముద్రం దగ్గర మాత్రం ఈ రెండూ చాలవు. ఇద్దరి మధ్య నువ్వు మోసం చేశావు కాబట్టి నేనూ ఆపేస్తానంటే దెబ్బ మోసగాడికే తగులుతుంది. పది పడవలున్న చోట ఒకడు నియమం తప్పి, పిల్ల చేపలనూ పట్టేసే చిన్న కన్ను వల వేశాడని కోపంతో నేనూ చిన్న కన్ను వల వేస్తే, నియమం పాటిస్తున్న మిగతా ఎనిమిది పడవలకూ ఆ దెబ్బ తగులుతుంది. వాళ్లూ బదులు తీర్చుకోవడం మొదలుపెడితే నియమం అంతటితో సరి. గుంపులో సహకారం నిలవాలంటే తప్పు చేసినవాడికే తగిలే శిక్ష కావాలి.

దీన్ని స్పష్టంగా చూపిన ప్రయోగాన్ని ఆర్థికవేత్తలు ఎర్న్‌స్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ 2002లో ప్రచురించారు. నలుగురికి తలా 20 యూనిట్ల సొమ్ము ఇచ్చి, దానిలో ఇష్టమైనంత ఉమ్మడి నిధిలో వేయమన్నారు. నిధిలో పడిన ప్రతి యూనిట్‌కూ నలుగురికీ తలా 0.4 వంతు అందుతుంది. అందరూ మొత్తం వేస్తే తలా 32 వస్తాయి, ఎవరూ వేయకపోతే తలా 20 మిగులుతాయి. ముగ్గురు వేసి ఒకడు దాచుకుంటే దాచుకున్నవాడికి 44, వేసినవారికి తలా 24. పది పడవల లెక్క ఇక్కడా అదే. మొదటి విడతలో చాలామంది ఉదారంగానే వేశారు. కొందరు దాచుకుంటున్నారని తెలిసిన కొద్దీ మిగతావారూ తగ్గించుకుంటూ వచ్చారు. ఆ తరువాత ఒక్క మార్పు చేశారు: తన సొమ్ములో ఒక యూనిట్ ఖర్చు పెట్టి, దాచుకున్నవాడి సొమ్ములో మూడు యూనిట్లు కోసే అవకాశం ఇచ్చారు. ఒకసారి కలిసినవారు మళ్లీ కలవరని తెలిసినా, అంటే తమకు ఏ లాభమూ రాదని తెలిసినా, చాలామంది ఆ ఖర్చు పెట్టారు. ఉమ్మడి నిధి మళ్లీ నిండింది.

లాభం లేని చోట శిక్షించే ఈ గుణానికి మూలం ఏమిటన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. గట్టి కట్టుబాట్లున్న సమూహాలు వాటికి చాతకాని సమూహాల కంటే ఎక్కువ కాలం మనగలిగాయని, ఆ పోటీలో సంస్కృతితో పాటు మనిషి స్వభావమూ మలుపు తిరిగిందని ఒక వర్గం అంటుంది. చిన్న గుంపుల్లో అందరూ తెలిసినవారే అయిన కాలంలో ఏర్పడిన అలవాటు, అపరిచితుల మధ్య కూడా పొరపాటున పనిచేస్తోందని మరో వర్గం అంటుంది. రెండు వివరణల్లోనూ మనిషి షరతుతో సహకరించేవాడే. 2008లో పదహారు నగరాల్లో జరిపిన ఇలాంటి ఆటల్లో, కొన్ని చోట్ల ఎక్కువ వేసినవారినే శిక్షించడం కూడా బయటపడింది. శిక్షించే అధికారం దానంతటదే మేలు చేయదు, దాని వెనుక అందరూ ఒప్పుకున్న నియమం ఉండాలి.

ఆట నుంచి ఒడ్డుకు

ప్రయోగశాలలో విద్యార్థులు ఆడిన ఆటకూ, పొట్టకూటి కోసం వల వేసేవాడికీ పోలిక ఏమిటన్న సందేహం న్యాయమైనదే. ఈశాన్య బ్రెజిల్‌లో ఒక సరస్సు ఒడ్డున చేపలు, రొయ్యలు పట్టేవారితో ఫెర్, ఆండ్రియాస్ లైబ్రాంట్ ఉమ్మడి నిధి ఆట ఆడించి, ఆ తరువాత వారి వలలను, ఉచ్చులను కొలిచారు. ఆటలో ఎక్కువ వేసినవారి వలలకు కన్ను పెద్దది, రొయ్యల ఉచ్చులకు రంధ్రాలు పెద్దవి. పిల్ల చేపలు, చిన్న రొయ్యలు తప్పించుకునే వీలు వారు ఎక్కువగా వదులుతున్నారన్నమాట.

ఇండోనేషియాలో లెంబాటా దీవిలోని లామలెరా గ్రామస్థులు చెక్క పడవల మీద వెళ్లి స్పెర్మ్ తిమింగలాలను ఈటెలతో వేటాడతారు. ఒంటరిగా సాధ్యం కాని ఈ వేటలో దొరికిన తిమింగలాన్ని, పడవ నడిపినవారికి, ఈటె వేసినవారికి, పడవ యజమానులకు ఏ భాగం చెందాలో ముందే స్థిరపడిన లెక్క ప్రకారం కోసి పంచుతారు. ఇచ్చిన సొమ్మును ఇద్దరు పంచుకునే ఒక ఆటలో, ప్రతిపాదించేవాడు తక్కువ ఇస్తే రెండోవాడు కాదని ఇద్దరికీ ఏమీ దక్కకుండా చేయవచ్చు. లామలెరాలో సగటున సగానికి మించి ఎదుటివాడికి ఇచ్చారు. కుటుంబం దాటి కలిసి పనిచేయడం అరుదైన పెరూలోని మచిగెంగా ప్రజలు అదే ఆటలో ఇచ్చింది సుమారు పావు వంతు. రోజూ కలిసి చేసే పనే పంచుకునే గుణాన్ని నేర్పుతుందని దీని నుంచి చాలామంది అనుకుంటారు. నేర్పిందా, లేక ఆ గుణం ఉన్నచోటే అలాంటి వేట నిలిచిందా అన్నది ఈ లెక్కలతో తేలదు.

ఆలన్యాలో చీటీలు, మెయిన్‌లో తోక మీది గాటు

టర్కీ తీరంలోని ఆలన్యాలో సుమారు వంద మంది మత్స్యకారులు ఉండేవారు. మంచి చోటు కోసం కొట్లాటలు ముదిరి, వారి బతుకు 1970ల ఆరంభానికి దుర్భరమైంది. పదేళ్ల పాటు తప్పొప్పులు దిద్దుకుంటూ వారు ఒక పద్ధతి కనిపెట్టారు. ఏటా సెప్టెంబరులో వేటకు అర్హులైనవారి జాబితా రాస్తారు. వేట చోట్లన్నిటికీ పేర్లు పెట్టి, ఒకచోటి వల పక్కచోటికి వచ్చే చేపను అడ్డుకోకుండా ఎడం చూసుకుని వేరే జాబితా రాస్తారు. చీటీలు తీస్తారు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ప్రతి పడవా రోజుకొక చోటు చొప్పున తూర్పుకు జరుగుతుంది. జనవరి నుంచి మే దాకా పడమరకు. వలస వచ్చే చేపల గుంపులు తీరం వెంబడి ఎటు కదిలినా అందరికీ సమానమైన అవకాశం ఉంటుంది.

దీనికి కాపలాదారు అక్కర్లేదు. ఈ రోజు మంచి చోటు వంతు ఎవరిదో వాడు తెల్లవారకముందే అక్కడ ఉంటాడు. మరొకడు అక్కడ వల వేస్తే మొదట చూసేది నష్టపోయేవాడే. వాడికి మిగతావారు అండగా నిలుస్తారు, ఎందుకంటే రేపు ఆ చోటు వంతు తమకూ వస్తుంది. తనిఖీ ఖర్చు లేకుండా తనిఖీ జరిగిపోయే ఈ ఏర్పాటును మించిన పనితనం నేను ఏ మత్స్య చట్టంలోనూ చూడలేదు. అయితే ఇది ఎవరు ఎక్కడ పట్టాలో తేల్చింది కానీ మొత్తం ఎంత పట్టాలో తేల్చలేదు. కొట్లాట ఆగడం, చేప మిగలడం వేర్వేరు సమస్యలు.

అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ రాష్ట్రంలో, రొయ్య జాతికి దగ్గరి పెద్ద జీవి అయిన లాబ్‌స్టర్‌ను పట్టే వేటగాళ్లు రెండో సమస్యనూ పట్టించుకున్నారు. ఉచ్చు పైకి లాగినప్పుడు పొట్ట కింద గుడ్లతో ఉన్న ఆడ లాబ్‌స్టర్ వస్తే, తోక రెక్కకు ఇంగ్లిష్ ‘వి’ అక్షరం ఆకారంలో గాటు పెట్టి నీటిలో వదులుతారు. ఆ తరువాత గుడ్లు లేని కాలంలో అది మరొకరి ఉచ్చులో పడినా, గాటు చూసి వదిలేయాల్సిందే, అమ్మడం నేరం. ఎన్నడూ కలవని ఒక పడవ మరొక పడవకు రాసిన ఉత్తరం లాంటిది ఆ గాటు: దీన్ని నేను వదిలాను, నువ్వూ వదులు. పెంకు విడిచిన కొద్దీ గాటు పూడుతుంది కాబట్టి ఎవరో ఒకరు మళ్లీ పెట్టాలి. మరీ చిన్నవాటితో పాటు, పెంకు పొడవు 5 అంగుళాలు దాటిన పెద్దవాటినీ, ఎక్కువ గుడ్లు పెట్టేవి కాబట్టి, వదిలేస్తారు.

ఈ చిత్రానికి రెండో వైపూ ఉంది. మెయిన్‌లో ఒక్కొక్క రేవుకు చెందిన వేటగాళ్లు చట్టంలో లేని సరిహద్దులు గీసుకుని కాపాడుకుంటూ వచ్చారు. ఉచ్చు ఎక్కడుందో తెలిపేందుకు నీటి మీద తేలే ప్రతివాడి బుర్రకూ తనదైన రంగులుంటాయి కాబట్టి బయటివాడు వస్తే వెంటనే తెలుస్తుంది. మొదట అతని తాడుకు హెచ్చరికగా ఒక ముడి వేస్తారు. మాట వినకపోతే ఉచ్చుల తాళ్లు తెగుతాయి. లోపలివారి మధ్య నమ్మకాన్ని నిలిపిన కట్టడే బయటివారి పట్ల దౌర్జన్యంగా మారింది. సహకారాన్ని ఊరికే పొగిడేవారు ఈ సంగతి దాటవేయకూడదు. 1995లో రాష్ట్రం చట్టం చేసి, మండలాల వారీగా ఎన్ని ఉచ్చులు వేయాలో వేటగాళ్లే ఓటుతో నిర్ణయించుకునే అధికారాన్ని ఇచ్చింది. అక్కడ లాబ్‌స్టర్ వృద్ధికి కట్టుబాట్లతో పాటు, వాటిని తినే కాడ్ చేప తగ్గడం, నీటి ఉష్ణోగ్రత మారడం కూడా తోడ్పడ్డాయన్న వాదానికి బలముంది.

కనిపించిందే తప్పయినప్పుడు

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరపు కాడ్ కథ ప్రభుత్వ నియంత్రణ ఒక్కటే చాలునన్న వారికి గట్టి జవాబు. 1968లో సుమారు 8 లక్షల టన్నులు పట్టాక పట్టుబడి పడిపోతూ వచ్చింది. 1977లో కెనడా తన అధికారాన్ని తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా విస్తరించి, పెద్ద వలలను ఈడ్చుకుంటూ వేటాడే విదేశీ ట్రాలర్ నౌకలను చాలావరకు వెళ్లగొట్టింది. వాటి స్థానంలో స్వదేశీ ట్రాలర్లు పెరిగాయి. 1980లలో ఒడ్డుకు దగ్గరగా వేటాడే చిన్న పడవలవారు చేప తగ్గుతోందని, సైజు చిన్నదవుతోందని మొత్తుకున్నారు. అధికారులు మాత్రం నిల్వను లెక్కగట్టడంలో ట్రాలర్ల పట్టుబడికే ఎక్కువ విలువ ఇచ్చారు. సంఖ్య తగ్గినా కాడ్ ఒకచోట గుంపుగా చేరుతుంది, యంత్రాలున్న ట్రాలర్ ఆ గుంపును వెతికి పట్టుకుంటుంది, కాబట్టి చివరిదాకా దాని వల నిండుగానే కనిపిస్తుంది. 1992 జులై 2న వేటను నిలిపివేశారు. సుమారు 30 వేల మంది పని పోయింది. రెండేళ్లనుకున్న ఆ నిషేధం ముప్పై ఏళ్లకు పైగా సాగి, 2024లో ఎత్తివేశాక కూడా పరిమితంగానే వేట మొదలైంది.

వాటా రాసిస్తే తగ్గుతారా?

మొత్తం పట్టుబడికి మాత్రమే పరిమితి పెడితే ఏమవుతుందో అలాస్కాలోని హాలిబట్ చేపల వేట చూపింది. పరిమితి నిండేదాకా ఎవరెంత పడితే అంత కాబట్టి పడవలు పెరిగాయి, కాలం కుంచించుకుపోయింది. 1990ల ఆరంభంలో ప్రధాన ప్రాంతాల్లో ఏడాదికి 24 గంటల వేట రెండు, మూడుసార్లు మాత్రమే తెరిచేవారు. తుఫాను ఉన్నా ఆ రోజే వెళ్లాలి. 1995లో ఒక్కొక్కరికీ వాటా కోటా రాసిచ్చాక వేటకాలం సుమారు ఎనిమిది నెలలకు విస్తరించింది. ఇలాంటి వాటా పద్ధతులున్న చోట్ల మత్స్య నిల్వలు కుప్పకూలే అవకాశం తక్కువని 2008లో 11 వేలకు పైగా వేటలను పరిశీలించిన ఒక అధ్యయనం తేల్చింది.

విమర్శకుల మాటలోనూ బరువుంది. అమ్ముకోగల కోటా క్రమంగా పెద్ద కంపెనీల చేతికి చేరుతుంది, మొదటి రోజు ఎవరి పేరు రాశారన్నదే తరాల సంపదను నిర్ణయిస్తుంది. ఐస్‌లాండ్‌లో ఈ వివాదం దశాబ్దాలుగా రాజకీయాలను కుదుపుతోంది. ఇంకా లోతైన అభ్యంతరాన్ని గణిత శాస్త్రవేత్త కోలిన్ క్లార్క్ 1973లో నీలి తిమింగలాలను ఉదాహరణగా తీసుకుని లేవనెత్తారు. తిమింగలాల మంద ఏటా 3 శాతం పెరుగుతుందని, బ్యాంకు 7 శాతం వడ్డీ ఇస్తుందని అనుకుందాం. మందనంతా చంపి సొమ్మును బ్యాంకులో వేయడమే లాభసాటి. మందకు ఒకే యజమాని ఉన్నా లెక్క మారదు. నిదానంగా పెరిగే జీవికి ఆస్తి హక్కు ఒక్కటే రక్ష కాదన్నమాట.

హద్దులు దాటే చేప, ఒప్పుకోని దేశాలు

ఊరి స్థాయిలో పనిచేసే చూపును దేశాల మధ్యకు తేవడం అసాధ్యమేమీ కాదు. పసిఫిక్‌లో ట్యూనా సమృద్ధిగా ఉన్న ఏడు చిన్న దేశాలు 1982లో నౌరు ఒప్పందం చేసుకున్నాయి, ఎనిమిదోది తరువాత చేరింది. ఒంటరిగా బేరమాడినంత కాలం విదేశీ నౌకలు వారిని ఒకరిపై ఒకరిని ఉసిగొల్పి చవకగా అనుమతులు పొందేవి. 2007 నుంచి వారు వేట రోజులను లెక్కగట్టి, పంచుకుని, ఉమ్మడిగా నిర్ణయించిన కనీస ధరకు తగ్గకుండా అమ్మడం మొదలుపెట్టారు. పెద్ద వల నౌకలన్నిటి మీదా పరిశీలకులు ఉండాలన్న షరతు పెట్టారు. 2010లో దాదాపు 6 కోట్ల డాలర్లుగా ఉన్న వారి ఆదాయం ఆ దశాబ్దంలోనే 50 కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది.

కొత్త నడిసముద్ర ఒప్పందం వర్తించే జలాలు సముద్ర ఉపరితలంలో దాదాపు మూడింట రెండు వంతులు. ఏకాభిప్రాయం కుదరకపోతే నాలుగింట మూడు వంతుల ఆధిక్యంతో రక్షిత ప్రాంతాలను ప్రకటించే వీలు దానిలో ఉంది. ఒక్క దేశం అడ్డుపడితే అంతా ఆగిపోయే పాత పద్ధతితో పోలిస్తే ఇది పెద్ద మార్పు. అదే సమయంలో, వేటను నియంత్రించే ప్రాంతీయ సంస్థల అధికారాన్ని బలహీనపరచరాదన్న నిబంధనా ఉంది కాబట్టి, ఎంత చేప పట్టాలన్న ప్రశ్న ఆ సంస్థల దగ్గరే మిగిలింది.

ఆ ప్రశ్న ఎంత మొండిదో ఈశాన్య అట్లాంటిక్‌లోని మాకరెల్ చేప చూపిస్తోంది. 2007 ప్రాంతం నుంచి ఈ చేప గుంపులు ఉత్తరానికి, పడమరకు విస్తరించి ఐస్‌లాండ్ జలాల్లోకి వచ్చాయి. అంతకుముందు వాటాలు కుదుర్చుకున్న దేశాలు తమ పట్టుబడి చరిత్రను చూపాయి. ఐస్‌లాండ్ తన జలాల్లో మేస్తున్న చేపను చూపింది. ఎవరికి వారు ప్రకటించుకున్న కోటాలన్నీ కలిపితే శాస్త్రవేత్తలు సూచించిన పరిమితి దాటింది. 2019లో ఆ వేటకున్న సుస్థిరత ధ్రువీకరణ నిలిచిపోయింది. ఇక్కడ ఎవరి కోటా ఎంతో అందరికీ తెలుసు, శాస్త్రవేత్తల అంచనా అందరి బల్లల మీదా ఉంది. పక్క పడవ కనిపిస్తూనే ఉంది. న్యాయమైన వాటాను ఏ కొలతతో కొలవాలన్న దగ్గరే మాట కుదరలేదు. ఏళ్ల తరబడి పట్టినవారిదా, ఇప్పుడు ఎవరి నీటిలో పెరుగుతోందో వారిదా అని దేశాలు వాదించుకుంటుండగానే చేప ఉండే చోటు మారుతూ వచ్చింది.